పదకొండో వరుస

జూన్ 5, బుధవారం

పిచ్చుకా,

నీ పార్సిల్ నిన్న మధ్యాహ్నం అందింది. లోపలున్నవి: బీపీ మిషన్ ఒకటి, చేతికి కట్టే పట్టీలు రెండు, ప్రశ్నల కాగితాలు ఇరవై నాలుగు సెట్లు, ఎనిమిది వారాల పట్టికలు, బ్యాటరీలు ఎనిమిది. రెండో పట్టీ మీద 'లావు చేతులకి' అని చీటీ అంటించావు. ఆ చీటీ పీకేశాను, చూసినవాళ్ళు నొచ్చుకుంటారు. పెన్ను కూడా పంపావు. మా ఇంట్లో పెన్నుల్లేవనుకున్నావా?

ఉత్తరం రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది రాస్తున్నాను, తప్పైతే దిద్దు. మీ నర్సింగులో ఒక సిద్ధాంతం ఉంది. మనిషి తన ఆరోగ్యం కోసం తానే ఒక మంచి పని ఎప్పుడు చేస్తుందో అది చెబుతుంది. ఆ పని వల్ల లాభముందని తెలియాలి, అడ్డంకులు తక్కువుండాలి, తన వల్ల అవుతుందన్న నమ్మకం ఉండాలి, ఇంట్లోవాళ్ళు తోడుండాలి. నువ్వు పంపిన బొమ్మలో ఈ నాలుగు డబ్బాల్లోంచీ నాలుగు బాణాలు బయల్దేరి 'చేస్తుంది' అనే ఐదో డబ్బాలో గుచ్చుకుంటాయి. ఆ బొమ్మ మనలాంటి ఆడవాళ్ళ విషయంలో నిజమో కాదో నువ్వు తేల్చాలి. దానికి మా బిల్డింగులోనూ వీధిలోనూ నలభై ఐదు దాటిన ఇరవై నలుగురిని నేను పోగెయ్యాలి. మొదట ప్రశ్నలకి జవాబులు రాయించాలి. తర్వాత ప్రతి ఆదివారం మా భోజనాల బల్ల దగ్గర బీపీ చూసి, ఆ వారం ఎన్ని రోజులు నడిచారో రాయాలి. అంతేనా?

నన్నెందుకు ఎంచుకున్నావో కూడా తెలుసు. అత్తగారు మంచాన పడ్డ ఈ ఆరేళ్ళూ ఆవిడ మాత్రలు, భోజనం, పక్కకి తిప్పిన వేళలు నేను రాసిన నోటుబుక్కులు చూసి 'మా వార్డులో కూడా ఇలా రాయరు' అన్నావు పోయినసారి. ఆవిడ్ని తిప్పేటప్పుడు నా ఎడమ మోచెయ్యి ఇంకా మొరాయిస్తూనే ఉంది. చిన్నప్పుడు నువ్వూపిన ఉయ్యాల చలవ. ముప్ఫై ఎనిమిదేళ్ళయినా అది పూర్తిగా చాపడానికి రాదు.

ఏదైనా ఉంటే ఉత్తరమే రాయి. ఫోన్ అత్తగారి మంచం పక్కనే ఉంటుంది. అందులో అవును, కాదు తప్ప నేను ఏమీ చెప్పలేను.

మీ అక్క

---

జూన్ 11, మంగళవారం

అక్కా,

నా గైడు మేడమ్‌కి నీ ఉత్తరం చదివి వినిపించాను. 'నా విద్యార్థులు ఇరవై పేజీల్లో చెప్పలేనిది మీ అక్క నాలుగు డబ్బాల్లో చెప్పేసింది' అన్నారు. గర్వపడకు, ఇంకా పని మొదలవలేదు.

నాలుగు ముఖ్యమైన సంగతులు. పట్టీ ఎప్పుడూ ఎడమ చేతికే కట్టాలి. కారణముండి కుడి చేతికి కడితే ఆ గడిలో 'కుడి' అని రాయాలి. కట్టే ముందు ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి, మాట్లాడనివ్వకూడదు.

ప్రతివాళ్ళకీ ఒక నెంబరు. ఏ నెంబరు ఎవరిదో రాసిన జాబితా కవర్లో పెట్టి అంటించి నీ దగ్గరే ఉంచు. నాక్కూడా చెప్పకూడదు, నేనడిగినా చెప్పకు. అది మా పరిశోధన కమిటీ పెట్టిన నియమం.

పైది 180 గానీ కిందది 110 గానీ తాకితే ఆ మనిషిని ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపాలి.

ఆఖరిది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ వరుస పనికిరాదు. ఒక్క వరుస పోయినా మీ బృందం మొత్తం లెక్కలోంచి పోతుంది. ఇంకో మూడు ఊళ్ళలో మూడు బృందాలున్నాయి గానీ నాలుగూ ఉంటేనే నా థీసిస్ నిలబడుతుంది. ఆగస్టు 20 లోపల ఇవ్వాలి. ఈసారి ఇవ్వకపోతే ప్రిన్సిపాల్ పోస్టు నా వెనకొచ్చిన వాళ్ళకి పోతుంది. ఇది నిన్ను భయపెట్టడానికి రాయలేదు. భయపడుతున్నది నేను.

బావగారికి నమస్కారాలు.

పిచ్చుక

---

జూన్ 24, సోమవారం

పిచ్చుకా,

రెండు ఆదివారాల పట్టికలూ ఇందులో ఉన్నాయి. ఇరవై నాలుగు వరుసలూ నిండాయి, ఎక్కడా ఖాళీ లేదు.

మనుషుల్ని కూర్చోబెట్టడం మాత్రం నీ పుస్తకంలో రాసినంత సుళువు కాదు. కింద వాటాలో రిటైరైన టీచరమ్మ తన కాగితం నింపేసి పక్కవాళ్ళవి దిద్దడం మొదలుపెట్టింది. 'నడవడం వల్ల లాభం లేదని పెట్టావేంటమ్మా, తప్పు, సున్నా వస్తుంది' అంటుంది. బేకరీ ఆవిడ 'ఇంట్లోవాళ్ళు మీకు తోడుంటారా' అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయింది. 'కాగితం ఇంటికి తీసుకెళ్ళి ఆయన్నడిగి రాస్తాను' అంది. కూడదన్నాను. అయితే 'ఉంటారు' అని పెట్టింది.

ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమంటే మొదటివారం అందరూ నవ్వారు. రెండోవారం తొందరగా వచ్చి కూర్చున్నారు. పై వాటా ఆవిడ కళ్ళు మూసుకుని, 'నెంబరు పిలిచినా ఇంకో రెండు నిమిషాలు నన్ను లేపకు' అంది. ఏడింటికి మొదలుపెడితే ఆఖరి మనిషిది అయ్యేసరికి ఎనిమిదీ యాభై అయింది. హాల్లో అత్తగారు అన్నీ వింటూ పడుకుంటుంది. ఆవిడకి ఇది రేడియోలా ఉంది.

వీధి చివర టైలరమ్మ కొట్టు మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. కూతురికి నెలలు నిండకుండానే కాన్పయిందట. సగం కుట్టిన నా జాకెట్లు రెండు ఆ కొట్లోనే ఉండిపోయాయి.

మీ అక్క

---

జూలై 1, సోమవారం

అక్కా,

పట్టికలు అందాయి. ముత్యాల్లాంటి అంకెలు. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

నెంబరు పదకొండు ఎవరు? మొదటి ఆదివారం 178, 108. రెండో ఆదివారం 184, 110. నడక సున్నా రోజులు, మాత్ర లేదు. జవాబులు చూస్తే అన్నిట్లోనూ నూటికి నూరు: లాభం తెలుసు, అడ్డంకులు లేవు, నా వల్ల అవుతుంది, ఇంట్లో ఎవరూ వద్దనరు. నా సిద్ధాంతం ప్రకారం ఈవిడ ఈపాటికి పరుగెత్తుతూ ఉండాలి.

నువ్వు ఆఖరి గడిలో 'చెప్పడమైనది' అని మాత్రం రాశావు. చెబితే చాలదక్కా, పంపాలి. ఆవిడ వెళ్ళిందా? ఏం మందు ఇచ్చారు? అమ్మ గుర్తులేదా నీకు? ఆరోజు పొద్దున కూడా 'ఏం లేదే, కాస్త తల బరువు' అంది. ముఖం కడుక్కోవడానికి వెళ్ళి మరి రాలేదు. ఆ అంకెలు అప్పట్లో ఎవరూ చూడలేదు. ఇప్పుడు చూసి కూడా నేను ఇక్కడ కూర్చోవాలా?

నియమం నేనే చెప్పాను, నిజమే. అయినా అడుగుతున్నాను. ఎవరావిడ?

పిచ్చుక

---

జూలై 6, శనివారం

పిచ్చుకా,

నువ్వడిగినా చెప్పొద్దన్నది నువ్వే. జూన్ 11 ఉత్తరం, రెండో పేజీ, పైనుంచి మూడో లైను. కవరు అంటించి బీరువాలో బట్టల కింద పెట్టాను. తియ్యను.

నెంబరు పదకొండుకి డాక్టరు దగ్గరికి వెళ్ళమని చెప్పాను. విన్నది. వెళ్ళాలని ఆవిడకీ తెలుసు. మొండి మనిషి కాదు, మూర్ఖురాలూ కాదు. వెళ్తే 'రెండురోజులు పడుకోండి' అంటారని భయం. పడుకుంటే ఆ ఇంట్లో కదలాల్సినవి కదలవు. అంతకుమించి నన్నడగకు.

నీ ప్రశ్నల గురించి ఒక మాట. 'మీ నడకకి ఇంట్లో ఎవరైనా అడ్డుపడతారా' అని అడిగావు. ఎవరూ అడ్డుపడరు. అడ్డుపడాలంటే ముందు వాళ్ళకి తెలియాలి కదా. మా ఇరవై నలుగురిలో ఎవరూ ఇంట్లో చెప్పి కూర్చున్నవాళ్ళు కాదు. పాలకనో కూరలకనో వచ్చి, చెయ్యి చాపి, వెళ్ళిపోతారు.

జూన్ 30 పట్టిక జతచేశాను. అత్తగారి వీపు మీద పుండు మానింది. నువ్వు చెప్పినట్టు రెండు గంటలకోసారి తిప్పుతున్నాను.

మీ అక్క

---

జూలై 16, మంగళవారం

అక్కా,

జూలై 7, 14 పట్టికలు కూడా చూశాను. పదకొండు: 186, 112. ఆ తర్వాత 188, 112. కొలిచిన సమయం ప్రతివారం 8.50. నిమిషం తేడా లేదు. మిగతావాళ్ళందరికీ వారానికో రకంగా ఉంది.

గైడు మేడమ్ ఆ కాగితం వేలితో తట్టి, 'ఇది మనిషి కాదు, అంకెలు. ఎవరో కూర్చుని రాసినట్టుంది' అన్నారు. అక్కా, ఒక్కటే అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఎవరైనా రాకపోతే ఆ గడి ఖాళీగా ఉండకూడదని ఊహించి నింపావా? నింపితే చెప్పు. ఇప్పుడైతే సర్దుకోవచ్చు.

నింపలేదంటావా, అప్పుడు ఇంకా భయం. నేనో పని చేశాను. మీ టీచరమ్మే పదకొండు అయ్యుంటుందనిపించింది. అన్నిటికీ నూటికి నూరు పెట్టేది ఇంకెవరు? మా కాలేజీలో పనిచేసే ఒకావిడకి ఆవిడ తెలుసు. నెంబరు తీసుకుని ఫోన్ చేశాను. 'మీకు బీపీ ప్రమాదకరంగా ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి' అన్నాను. ఆవిడ 130 అని చెప్పి, నన్ను ఏ కాలేజీలో చదివావని అడిగి, ఫోన్ పెట్టేసింది.

పిచ్చుక

---

జూలై 20, శనివారం

చెల్లికి,

టీచరమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, 'మీ చెల్లెలు నన్ను చావుకి సిద్ధం చేసింది, మా ఆయన అప్పుడే బావమరిదికి కబురు పెట్టాడు' అంది. అరగంట కూర్చోబెట్టి, ఆవిడ అంకెలు ఆవిడకే చూపించి పంపాను. మొదట రేపు రానంది. తర్వాత వస్తానంది.

నేను ఊహించి గడులు నింపానా అని అడిగావు. ఆరేళ్ళుగా ఒక మనిషి ప్రాణం నా నోటుబుక్కు మీద నడుస్తోంది. అందులో నేను ఒక్క అంకె ఊహించినా ఆవిడ ఈపాటికి ఉండేది కాదు. నేను పంపిన పట్టికల్లో ప్రతి అంకే మిషన్ మీద కనబడిందే. పదకొండుది ప్రత్యేకంగా రెండుసార్లు చూసి రాశాను.

8.50 ఎందుకంటే ఆవిడకి వీలయ్యేది ఆ వేళకే.

నీకు నా అంకెలు కావాలి, నా మాట అక్కర్లేదు. అలాగే కానీ. పట్టికలు పంపుతాను. ఉత్తరాలు మాత్రం ఇక ఉండవు.

అక్క

---

జూలై 31, బుధవారం

అక్కా,

పట్టిక మాత్రం పెట్టిన కవరు అందింది. లోపల చీటీ ఉందేమోనని రెండుసార్లు దులిపాను.

క్షమించు. ఇంకోరకంగా అడగడం నాకు చేతకాలేదు.

21న 190. 28న 192. మేడమ్ ఇవాళ లెక్కలన్నీ కంప్యూటర్‌లో వేయించారు. పదకొండో వరుస ఉంటే మీ బృందం దగ్గర నా మోడల్ చీలిపోతోంది. అది తీసేస్తే నాలుగు బాణాలూ చక్కగా గుచ్చుకుంటున్నాయి. 'ఇది ఖాళీ వరుస కాదు కదా, ఇలాంటి అపవాద వరుసని కారణం రాసి తీసెయ్యొచ్చు, ఒక వరుస వరకూ కమిటీ ఒప్పుకుంటుంది, నేను చూసుకుంటాను' అన్నారు మేడమ్. తీసేస్తే ఆగస్టు 20కి ఇచ్చేస్తాను.

కానీ ఆ వరుస వెనక ఒక మనిషుంది. తీసేశాక ఆవిడ గురించి అడిగే హక్కు కూడా నాకుండదు. మూడు రోజులుగా తిండి సయించడం లేదు. ఆవిడ్ని చూస్తున్నది నువ్వొక్కదానివే. ఏం చెయ్యమంటావు?

పిచ్చుక

---

ఆగస్టు 5, సోమవారం

పిచ్చుకా,

తీసెయ్యి. ఆలోచించకు.

నిన్నటితో ఎనిమిది ఆదివారాలూ అయ్యాయి. ఆఖరి పట్టిక ఇందులో ఉంది. మిషన్ తుడిచి డబ్బాలో పెట్టాను.

భోజనం వేళకి చెయ్యి.

మీ అక్క

---

ఆగస్టు 8, గురువారం

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. 'తీసెయ్యి' అన్న మాట చూసి ముందు ఊపిరి పీల్చుకున్నాను. తర్వాత ఏదో అడ్డుపడింది. గడి ఖాళీగా ఉంటే నిద్రపట్టని మనిషి, వరుస మొత్తం తీసెయ్యమని ఒక్క ముక్కలో రాసింది.

ఎనిమిది పట్టికలూ బల్ల మీద పరిచాను. పదకొండో వరుస కింద స్కేలు పెట్టి, ఎర్ర పెన్ను తీసుకుని, కొట్టెయ్యబోయే ముందు ప్రతి గడీ చదివాను. పైది, కిందది, సమయం. ఇన్నాళ్ళూ నేను చూసినవి ఇవే. వాటి తర్వాత 'చెయ్యి' అనే గడి ఉంది. ఇరవై ముగ్గురికి 'ఎడమ'. పదకొండుకి 'కుడి'. ఎనిమిది వారాలూ 'కుడి'.

అబద్ధం రాయలేక రాశావు కదూ. ఎడమ అని రాస్తే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

పూర్తిగా చాపలేని ఆ మోచేతికి పట్టీ కట్టడం కుదరదని నాకు కాక ఎవరికి తెలుస్తుంది? ఆ ఉయ్యాల ఊపింది నేను.

వెంటనే ఫోన్ చేశాను. మూడుసార్లూ బావగారే తీశారు. 'పనిలో ఉందమ్మా, ఏమైనా చెప్పాలా' అన్నారు. ఆయనకి ఏమీ తెలియదని ఆ గొంతులోనే అర్థమైంది. 'అక్కకి బీపీ ఎక్కువగా ఉంది, బరువులు ఎత్తనివ్వకండి, రేపు వస్తున్నాను' అన్నాను. 'మీ అక్కకా?' అన్నారు.

రేపు మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతాను. అయినా రాస్తున్నాను. నీ ఎదురుగా నిలబడితే తిట్టడమో ఏడవడమో చేస్తాను తప్ప ఈ మాటలు రావు. నా థీసిస్ కోసం నువ్వు ఎనిమిది వారాలు చావు పక్కన కూర్చున్నావంటే, ఆ థీసిస్ నాకొద్దు.

పిచ్చుక

---

ఆగస్టు 8, గురువారం

పిచ్చుకా,

మీ బావ హాల్లో నీతో ఫోన్ మాట్లాడుతుంటే విన్నాను. ఫోన్ దగ్గరికి వెళ్తే మళ్ళీ అవును, కాదు అంటాను. అందుకే ఇది రాస్తున్నాను. నువ్వు వచ్చాక చేతికిస్తాను, లేదా పోస్టులో వేస్తాను.

పదకొండు మొదట టైలరమ్మది. జూన్ 14న ఆవిడ వెళ్ళిపోయింది. మొదటి ఆదివారానికి రెండే రోజులు. ఇంకొకళ్ళ కోసం రెండు వీధులు తిరిగాను, దొరకలేదు. ఆదివారం ఇరవై ముగ్గురూ వెళ్ళిపోయాక పట్టికలో ఒక వరుస ఖాళీగా నన్ను చూస్తోంది. ఒక్క వరుస పోతే బృందమే పోతుందని రాశావు. నాకు నలభై తొమ్మిది, అదే వీధి, అదే లెక్క. నేనూ మనిషినే కదా అనుకుని కాగితం నింపి, పట్టీ కట్టుకున్నాను. కొలిచేవాళ్ళు అందులో ఉండకూడదని నాకు తెలియదు. నువ్వు చెప్పలేదు, నేనడగలేదు. నా ఒంటికి పట్టీ కట్టడం అదే మొదటిసారి.

178 వచ్చింది. మిషన్ పాడైందనుకుని మళ్ళీ చూశాను. అదే.

ఆ రోజే చెప్పి ఉండాల్సింది. చెబితే వరుస పోతుంది, నీ ఏడాది పోతుంది. నేను పడుకుంటే అత్తగారికి పుండు మళ్ళీ వస్తుంది. వచ్చేవారం చెబుదాం అనుకున్నాను, ఎనిమిదిసార్లు.

జవాబుల్లో ఒక్కటీ అబద్ధం కాదు పిచ్చుకా. నడకవల్ల లాభం తెలుసు. అడ్డుపడేవాళ్ళు లేరు. నేను నడవగలను. నీ నాలుగు డబ్బాలూ నిండే ఉన్నాయి. మరి ఎందుకు నడవలేదో నాకే అర్థం కాలేదు, నిన్నటిదాకా.

నిన్న ఉదయం ఏడింటికి అత్తగారికి మాత్ర ఇచ్చాను. నాలుక మీద పెట్టుకుని ఉమ్మేసింది.

'ఇది రాత్రిది' అంది.

'కాదత్తయ్యా, పొద్దుటిదే.'

'కళ్ళు మసకేగానీ నాలుక మసక కాదు. రాత్రిది చేదు.'

నోటుబుక్కు తీసి చూశాను. ఆవిడ మాటే నిజం. అక్షరాలు రెండేసి కనబడుతున్నాయి, పెన్ను పట్టుకున్న వేళ్ళు మొద్దుబారాయి. ఆరేళ్ళలో మొదటి కొట్టివేత. అది మింగి ఉంటే ఏమయ్యేదో నీకు తెలుసు.

'కూర్చో' అంది అత్తగారు.

'పనుంది.'

'పడుకునే చెబుతున్నాను, లేచి చెప్పలేను. కూర్చో.'

కూర్చున్నాను. అప్పుడు అంది: 'ఆదివారం అందరూ వెళ్ళిపోయాక ఆ మిషన్ మళ్ళీ రెండుసార్లు మోగుతుంది. ఎవరికి కడుతున్నావో అడుగుదామనుకుంటున్నాను.'

'అడగలేదేం?'

'నువ్వు చెబుతావని చూశాను.'

ఎనిమిది వారాలు ఆవిడ ఆ గదిలో, నేను ఈ గదిలో.

ఆవిడ పక్కనే కూర్చుని నోటుబుక్కు తిరగేశాను. ఏడింటికి మాత్ర. ఏడున్నరకి ఒళ్ళు తుడవడం. తొమ్మిదికి తిప్పడం. మీ బావ భోజనం డబ్బా. గ్యాస్ బండ మార్చిన తేదీ. అందులో ఉన్నవన్నీ జరుగుతాయి. నేను అందులో ఎక్కడా లేను. నోటుబుక్కులో లేని పని నేను చెయ్యను, అలవాటు లేదు. ఇది నీ డబ్బాల్లో ఎక్కడ పడుతుందో నువ్వే చూసుకో.

తీసెయ్యమన్నది నీ మోడల్ కోసం కాదు. దొరక్కుండా ఉండడానికి.

మీ అక్క

---

ఆగస్టు 26, సోమవారం

అక్కా,

ఇల్లు చేరి పది రోజులైంది. ఆసుపత్రిలో నువ్వు ఉన్న ఐదు రోజులూ డాక్టర్ని 'మధ్యాహ్నానికల్లా వదులుతారా' అని అడిగిన సంగతి ఇక్కడ అందరికీ చెప్పాను. తలలో సన్న నరం ఒకటి ఇంకో వారంలో తెగేదని ఆయన నాతో అన్నారు. నీతో అనలేదు, నేనే వద్దన్నాను. ఇప్పుడు అంటున్నాను, ఎందుకంటే మాత్ర మానేసే ఆలోచన నీకు వస్తుంది.

మేడమ్ దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. పట్టికలు మళ్ళీ చూసి, 'ఇంత పద్ధతిగా తప్పు చేసినవాళ్ళని నేను చూడలేదు' అన్నారు. మీ బృందం రద్దయింది. కొత్త బృందం కట్టాలి. థీసిస్ ఆరు నెలలు వెనక్కి పోయింది, ప్రిన్సిపాల్ పోస్టు పోయింది. ఏడవలేదు. కాస్త ఏడ్చాను.

కానీ మిగతా మూడు బృందాల కాగితాలు మళ్ళీ తిరగేశాను. అన్నిటికీ నూటికి నూరు పెట్టి ఒక్కరోజు కూడా నడవనివాళ్ళు తొమ్మిదిమంది ఉన్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళని లెక్కల్లో తప్పులనుకున్నాను. కమిటీ ఒప్పుకున్నాక, కొలిచినవాళ్ళ చేత అడిగించి, సరేనన్నవాళ్ళని వెళ్ళి కలిశాను. ఒకే ప్రశ్న అడిగాను: 'మీకు ఒంట్లో బాగాలేకపోతే ముందు ఎవరికి చెబుతారు?' ఒకావిడ 'డాక్టరుకి' అంది. ఇద్దరు నవ్వారు. ఒకావిడ చాలాసేపు ఆలోచించి, 'చెప్పాలా?' అని నన్నే అడిగింది.

సిద్ధాంతం తప్పని రాయబోవడం లేదు. అందులో ఒక డబ్బా తక్కువుందని రాస్తాను. దాని పేరు ఇంకా దొరకలేదు.

కొత్త బృందానికి కొలిచేది మీ టీచరమ్మ. తానే అడిగింది. నువ్వు ఆ బల్ల దరిదాపులకి వెళ్ళకూడదు.

పిచ్చుక

---

సెప్టెంబరు 9, సోమవారం

పిచ్చుకా,

టీచరమ్మ నిన్న ఏడింటికే వచ్చింది. బీపీ ఎక్కువున్నవాళ్ళని చదవని పిల్లల్ని చూసినట్టు చూస్తోంది. 'వచ్చేవారానికి తగ్గించుకు రావాలి' అంది బేకరీ ఆవిడతో. నేను వంటింట్లో కూర్చున్నాను.

మీ బావ పొద్దున్న అత్తగారికి మాత్ర ఇస్తున్నాడు. మొదటిరోజు చేతిలో పెడితే ఆవిడ నాలుకతో తాకి, 'సరైనదే, అయినా నోటుబుక్కు చూసుకో' అంది. నా పట్టీ కూడా ఆయనే కడుతున్నాడు, కుడి చేతికి. అంకెలు గడి దాటి రాస్తాడు. ఒకచోట పైది కిందా కిందది పైనా రాశాడు. దిద్దబోతే కాగితం వెనక్కి లాక్కున్నాడు. నిన్న 148, 92.

అత్తగారు నాకోసం నోటుబుక్కులో ఒక గడి గీయించింది. ఆవిడ పేరు కింద నా పేరు. మాత్ర, నడక, నిద్ర. అవి ఆవిడే అడిగి రాయిస్తుంది. 'నడిచొచ్చావా, ఎంతసేపు, ఎవరితో' అని పోలీసుల్లా అడుగుతుంది. నీ ఇంకో డబ్బాకి పేరు దొరకలేదన్నావు. మా ఇంట్లో దానికి పేరు అత్తగారు. మీ కాలేజీలో ఒప్పుకోకపోవచ్చు.

నా రెండు వారాల పట్టిక నీకు పంపుతున్నాను, నీ లెక్కలకి కాదు, నీకు. మూడో తారీకు మంగళవారం నడక గడి ఖాళీగా ఉంది. మర్చిపోయాననుకోకు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చాను, సాయంత్రం దాకా నిద్రపోయాను. ఎవరూ లేపలేదు. లేచాక మీ బావ పెన్ను తీసి 'ఏం రాయమంటావు' అన్నాడు.

ఖాళీగానే ఉంచమన్నాను.

మీ అక్క